పాలస్తీనాను ఇన్ని దేశాలు గుర్తించాయి కదా, అక్కడి మామూలు మనిషికి దానివల్ల ఒరిగేదేమిటి?

ఒరిగేది ఉందండీ. కాకపోతే చాలామంది అనుకునే చోట కాదు. గుర్తింపుతో పాలస్తీనాకు బయటి ప్రపంచంలో సంతకం పెట్టే హక్కు వచ్చింది. ఇంటి తాళంచెవి మాత్రం ఇజ్రాయెల్ దగ్గరే ఉండిపోయింది.

దోహాలో ఒక నిర్మాణ కంపెనీలో ఉద్యోగుల వీసా కాగితాలు చూసేవాణ్ణి. పాలస్తీనాలోని నాబ్లస్ నుంచి వచ్చిన సివిల్ ఇంజనీరు ఒకాయన ఉండేవారు. సెలవు దొరికితే నేను నేరుగా శంషాబాద్‌లో దిగేవాణ్ణి. ఆయన ముందు అమ్మాన్‌లో దిగాలి, అక్కణ్ణుంచి జోర్డాన్ నది మీది వంతెన దాటాలి. ఆ వంతెన రోజంతా తెరిచి ఉండదు. అవతలి గట్టున తనిఖీ చేసి లోపలికి పంపేది ఇజ్రాయెల్ అధికారులు. వాళ్ళు వద్దంటే సొంతూరికి వెళ్ళే దారి లేదు. ఆయనకు పాప పుట్టినప్పుడు ఇంకో సంగతి తెలిసింది. పాస్‌పోర్టు ఇచ్చేది అక్కడి పరిమిత స్వపాలన ప్రభుత్వమైన పాలస్తీనా అథారిటీయే, కానీ జనాభా రిజిస్టరు మీద పెత్తనం ఇజ్రాయెల్‌ది. పాప పేరు అందులోకి ఎక్కితే తప్ప కాగితం ముందుకు కదలదు. ఖతర్, జోర్డాన్ రెండూ పాలస్తీనాను 1988లోనే గుర్తించిన దేశాలు!

అలాగని గుర్తింపు ఉత్తుత్తిదని అనను. 2012లో ఐరాస సర్వసభ్య సభ 138 ఓట్లతో, ఓటు హక్కు లేని పరిశీలక దేశం హోదా ఇచ్చింది కాబట్టే 2015లో పాలస్తీనా అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో సభ్యురాలు కాగలిగింది. పూర్తి సభ్యత్వం మాట వస్తే, 2024 ఏప్రిల్‌లో భద్రతా మండలిలో 12 దేశాలు అవునన్నా అమెరికా వీటోతో ఆగిపోయింది. 2025 సెప్టెంబరులో బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా, ఆస్ట్రేలియా కూడా వచ్చి చేరాయి. 193 సభ్యదేశాల్లో లెక్క 157కి చేరింది.

ఆ దేశాల అసలు పని ఇప్పుడే మొదలవ్వాలని నా అభిప్రాయం. 1994 పారిస్ ఒప్పందం ప్రకారం పాలస్తీనాకు వెళ్ళే సరుకు మీద సుంకం వసూలు చేసి పాలస్తీనా అథారిటీకి అందించాల్సింది ఇజ్రాయెల్. అది ఆ డబ్బు ఆపేసిన ప్రతిసారీ అక్కడి టీచర్ల, నర్సుల జీతాలకు కోత పడుతుంది. గుర్తించామన్న దేశాలు ఆ డబ్బు విడుదల చేయించాలి. ఆక్రమిత భూమిలో ఇజ్రాయెల్ కట్టుకున్న కాలనీల, అంటే సెటిల్‌మెంట్ల, సరుకు కొనడం మానాలి. ఆ ఆక్రమణ చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జులైలోనే తేల్చిచెప్పింది.

ఇక మన సంగతి. అరబ్బేతర దేశాల్లో అందరికంటే ముందు గుర్తించిన వాళ్ళలో మనమూ ఉన్నాం. అదే మనం, ఆ ఆక్రమణను 12 నెలల్లో ముగించాలని 2024 సెప్టెంబరులో సర్వసభ్య సభలో తీర్మానం వస్తే ఓటింగుకు దూరంగా ఉన్నాం. 124 దేశాలు అవునన్న తీర్మానం అది. నాకైతే అది ఇప్పటికీ మింగుడుపడలేదు.