ల్యాబ్ రిపోర్టులో ‘నెగెటివ్’ అని వస్తే...

ప్రశ్న: నెల వ్యవధిలో మా ఆవులు రెండు ఏడో నెలలో ఈసుకుపోయాయి (గర్భం పోయింది). డాక్టరు గారు రక్తం తీసి ల్యాబ్‌కు పంపితే ‘బ్రూసెల్లా (పశువులు ఈసుకుపోయేలా చేసే క్రిమి) నెగెటివ్, కారణం తేలలేదు’ అని వచ్చింది. ఆ తర్వాత పశువైద్య శాఖ వాళ్లు ఫోన్ చేసి మందలో ఎన్ని ఉన్నాయి, ఎక్కడ కొన్నారు అని ఒకటే ఆరా. జబ్బు లేదని తేలాక ఈ టెన్షన్ ఎందుకండీ?

జవాబు: జబ్బు లేదని తేలలేదండీ, కారణం దొరకలేదు అంతే. ఈసుకుపోయిన కేసుల్లో మంచి ల్యాబులకు కూడా చాలాసార్లు కారణం చిక్కదు, ఎందుకంటే దూడ కడుపులోనే చనిపోయి కొన్ని రోజులయ్యాక బయటపడుతుంది, ఈలోగా కుళ్లు మొదలవుతుంది. మీ విషయంలో వెళ్లింది తల్లి రక్తం ఒక్కటే. పిండం, మాయ కూడా వెళ్లి ఉంటే ఈసుకుపోవడానికి లెప్టోస్పైరా, నియోస్పోరా, ఐబీఆర్ లాంటి ఇతర కారణాలను వెతకడానికి దారి ఉండేది. ఇంకో సంగతి, బ్రూసెల్లాకు ముందుగా చేసే రోజ్ బెంగాల్ పరీక్ష చూసేది క్రిమిని కాదు, దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను. అవి తయారవడానికి టైమ్ పడుతుంది కాబట్టి ఈసుకుపోయిన వెంటనే తీసిన రక్తంలో కనపడకపోవచ్చు. రెండు మూడు వారాల తర్వాత మళ్లీ రక్తం తీయమని అడగండి. అప్పటిదాకా ఆ ఆవుల్ని మంద నుంచి విడిగా ఉంచండి, మాయను ఒట్టి చేతులతో ముట్టుకోకండి, పాలు కాచకుండా తాగకండి. బ్రూసెల్లా మనుషులకూ వస్తుంది.

ఇక ఫోన్ సంగతి. చుట్టుపక్కల ఇంకో నాలుగు మందల్లో ఇదే జరుగుతూ ఉండొచ్చు, కానీ ఒక్కో డాక్టరు కంటికి ఒక్కో కేసే కనపడుతుంది. అన్నీ ఒకచోట చేరేది ల్యాబ్ రికార్డుల్లోనే, అక్కడ కూర్చున్నవాళ్లకు ఊరు, తేదీ, వయసు, కొన్న చోటు తెలిస్తేనే ఏదైనా అల్లుకుంటోందా అని పట్టుకోగలరు. శాంపిల్‌తో పంపే ఫారంలో ‘ఆవు, జబ్బు’ అని రెండే మాటలు రాసేవాళ్లున్నారు, ఏం చెప్పమంటారు!

నెగెటివ్ రిపోర్టులకూ విలువుంది. రిండర్‌పెస్ట్ అనే పశువుల వైరస్ జబ్బు విషయమే చూడండి. టీకా వేసిన పశువులో ఉండే యాంటీబాడీలకూ జబ్బు వల్ల వచ్చిన వాటికీ తేడా తెలిసేది కాదు, అందుకని దేశాలు ముందు టీకాలు ఆపి, ఆ తర్వాత పుట్టిన పశువుల రక్తం పరీక్షించి, వైరస్ ఇక తిరగడం లేదని చూపించాల్సి వచ్చింది. 2011లో అది ప్రపంచంలోనే లేదని ప్రకటించారంటే దాని వెనక ఉన్నవి కుప్పలకొద్దీ ‘నెగెటివ్’లే.

ప్రశ్న: నిన్నటిదాకా బాగున్న గేదె తెల్లారేసరికి చచ్చిపడి ఉంది, ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతోంది. కోసి ప్లీహం ముక్క ల్యాబ్‌కు పంపితే త్వరగా తేలుతుందంటున్నారు. పంపమంటారా?

జవాబు: కోయొద్దు. ఇది దొమ్మ వ్యాధి, అంటే ఆంత్రాక్స్ అయ్యుండొచ్చు. కళేబరాన్ని కోస్తే ఆ క్రిమికి గాలి తగిలి స్పోర్లుగా (గట్టి పొరతో తేలిగ్గా చావని రూపం) మారుతుంది, అవి నేలలో దశాబ్దాలు బతుకుతాయి, కోసినవాళ్లకూ ప్రమాదమే. డాక్టరుకు ఫోన్ చేయండి. చెవి రక్తనాళం నుంచి చుక్క తీసి గాజు పలక మీద పూత పూస్తే మైక్రోస్కోపులో చూసి చెప్పగలరు. రిపోర్టు వచ్చేదాకా ఆగి అప్పుడు చెబుదాం అనుకోకండి, ఇలాంటి జబ్బుల్లో అనుమానం వచ్చిన క్షణమే చెప్పాలి.

ప్రశ్న: గాలికుంటు అనుమానం అని చెబితే మా మందను కదలనివ్వరట, పాలు కూడా అమ్ముకోనివ్వరట. నిజమేనా?

జవాబు: చాలా దేశాల్లో ఫలితం వచ్చేదాకా పశువుల రాకపోకలు ఆపుతారు, పాల మీద ఆంక్షలు, నష్టపరిహారం మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. నష్టం లేదని నేననను. కానీ 2001లో బ్రిటన్‌లో ఏమైందో చూడండి. మొదటి కేసు నిర్ధారణ అయ్యేసరికే, జబ్బు మొదలైన పందుల ఫారం నుంచి ఎవరూ చెప్పకుండా వారాలు గడిచాయి, ఈలోగా సంతల్లో చేతులు మారిన గొర్రెలతో అది 50కి పైగా చోట్లకు పాకింది. చివరికి 60 లక్షలకు పైగా పశువుల్ని చంపాల్సి వచ్చింది. ఆ వారాల్లో ఎవరైనా ఒక ఫోన్ చేసి ఉంటే లెక్క వేరేగా ఉండేది.

ప్రశ్న: ల్యాబ్ దూరం. శాంపిల్‌ను డీప్ ఫ్రీజర్‌లో పెట్టి మర్నాడు పంపొచ్చా?

జవాబు: రక్తాన్ని అలాగే ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తే ఎర్రకణాలు పగిలిపోయి పనికిరాదు. సీరం (రక్తం పేరుకున్నాక పైకి తేరే ద్రవం) వేరు చేశాక దాన్ని ఫ్రీజర్‌లో పెట్టొచ్చు. రక్తమైతే ఫ్రిజ్‌లో, దారిలో ఐస్ బాక్స్‌లో, ట్యూబు నేరుగా ఐస్‌కు తగలకుండా గుడ్డ చుట్టి పంపండి. క్రిమిని పెంచి చూడాల్సిన ముక్కల్ని ఫార్మలిన్‌లో (కుళ్లకుండా వాడే రసాయనం) వేయకండి, అందులో క్రిమి చచ్చిపోతుంది.