కండువా ఎవరి భుజం మీద ఉంటే బిడ్డ వాళ్ళది

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మీరు స్నేహితులు ఆరుగురు, నీ కూతురు బుజ్జిని కూడా తీసుకుని రెండు రోజులు నల్లమలకు వస్తున్నారని విని మీ అత్తయ్య గుండెలు బాదుకుంది. నాలుగేళ్ళ పిల్లతో అడవికి ఏమిటని ఆమె గోల. నాకు అంత భయం లేదు. అచ్చంపేటలో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు నల్లమల అంటే పెరడే. కాకపోతే పెరట్లోనూ బావి ఉంటుంది. ఫోనులో చెబితే సగమే వింటావని రాస్తున్నాను.

కార్తీకంలో మాత్రం రావద్దు. ఆ నెలంతా రోడ్డు నిండా శ్రీశైలం వెళ్ళే బండ్లే. మార్గశిరంలో అయితే మల్లెలతీర్థం జలపాతంలో నీళ్ళుంటాయి, ఎండ బాధించదు. రాత్రి చలి ఎక్కువ, బుజ్జికి చెవులు మూసే టోపీ తెచ్చుకో. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయలుదేరదామని మీ వాళ్ళు అంటారు, ఒప్పుకోవద్దు. హైదరాబాదు నుంచి మన్ననూరు సుమారు 140 కిలోమీటర్లు. అక్కడి చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు బండ్లను అడవిలోకి వదలరు. అవతల పులులు తిరిగే చోటు మరి. శనివారం తెల్లవారుజామున బయలుదేరండి. మన్ననూరులో అటవీశాఖ వాళ్ళ బస ముందే ఖాయం చేసుకోండి.

ఒక రోజుకు ఒక్క చోటు చాలు. ఫరహాబాద్ సఫారీ ఒక పూట పెట్టుకోండి. పులి కనబడలేదని పెద్దవాళ్ళు ముఖాలు వేలాడేసుకుంటారు గాని, బుజ్జికి చెదపుట్ట కనబడినా పండగే. మరునాడు మల్లెలతీర్థం. వటవర్లపల్లి దగ్గర పెద్ద రోడ్డు వదిలి లోపలికి వెళ్ళాలి. జలపాతం దగ్గరకు మూడు వందలకు పైగా మెట్లు దిగాలి. దిగేటప్పుడు పిల్ల తానే గెంతుతూ దిగుతుంది. ఎక్కేటప్పుడు నిద్రపోతుంది, అప్పుడది పదిహేను కిలోల బస్తా. ఎవరు ఎత్తుకుంటారో కిందికి దిగకముందే తేల్చుకోండి.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. మీ బావకు అయిదేళ్ళప్పుడు ఇదే చోటికి వెళ్ళాం. పెద్దవాళ్ళమే తొమ్మిది మందిమి. సద్దిమూటలు విప్పి చూసుకుంటే వాడు లేడు. నా దగ్గర ఉన్నాడని మీ అత్తయ్య అనుకుంది. తమ్ముడి దగ్గర ఉన్నాడని నేను అనుకున్నాను. తమ్ముడు అసలు ఏమీ అనుకోలేదు. ఆ నీటి హోరులో మన పిలుపు మనకే వినబడదు. చివరికి గుండం అంచున, పాచి పట్టిన బండ మీద చతికిలబడి చేపపిల్లలను చూస్తూ కనబడ్డాడు. కాలు జారలేదు, అంతే. మేమిద్దరమే వెళ్ళి ఉంటే వాడి మీద నుంచి చూపు తిప్పేవాళ్ళం కాదు. తొమ్మిది మంది ఉండడమే కొంప ముంచింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎర్ర కండువా పద్ధతి వచ్చింది. అది ఎవరి భుజం మీద ఉంటే బిడ్డ వాళ్ళది. అరగంటకో గంటకో ఇంకొకరి భుజం మీద వేసి, “ఇక నీది” అని నోటితో చెప్పి, వాళ్ళు “సరే” అన్నాకే కదలాలి. కండువా వేసుకున్నవాళ్ళు ఫోటోలు తీయకూడదు, పొయ్యి దగ్గరకు పోకూడదు, మందు ముట్టకూడదు. నీళ్ళ దగ్గరైతే పిల్ల చెయ్యి అందేంత దూరంలోనే ఉండాలి. తల్లివి గనుక రోజంతా నీ భుజం మీదే వదిలేస్తారు. ఊరుకోకు. ఆరుగురూ వంతులు పడాలి.

తిండికి పెద్ద హంగామా వద్దు. సర్వపిండి, పెరుగన్నం, అరటిపండ్లు చాలు. రోడ్డు పక్కన కోతులకు ఏమీ పెట్టవద్దు. ఒకరు పెట్టి పోతే తరువాత వచ్చే పిల్ల చేతిలోది లాక్కుంటాయి. ప్లాస్టిక్ సంచులు ఇంట్లోనే వదిలేయండి. పెంటలంటే చెంచుల గూడేలు, వాటిల్లోకి చొరబడి ఫోటోలు తీస్తామంటే మాత్రం నాకు కోపం వస్తుంది. అవి వాళ్ళ ఇళ్ళు.

పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం, నాటుమందు పెట్టడం ఏవీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా చూసి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అది అరుదు. నేను ఎక్కువగా జాగ్రత్తపడేది కంటికి ఆనని పురుగుల విషయంలో. గడ్డిలో పిల్లను నేల మీద కూర్చోబెట్టవద్దు, నిండు చేతుల చొక్కా, పొడుగు పైజామా వెయ్యి. బసకు రాగానే స్నానం చేయించి చెవుల వెనుక, చంకల్లో, గజ్జల్లో చూడు. ఇంటికి వెళ్ళాక మూడు వారాలలోపు జ్వరం వస్తే అడవికి వెళ్ళొచ్చామని డాక్టరుకు ముందే చెప్పు. స్క్రబ్ టైఫస్ అనే జ్వరం ఇలాంటి పురుగు కుట్టడం వల్లనే వస్తుంది. కుట్టిన చోట నల్లటి పెచ్చు కట్టవచ్చు. సంగతి చెప్పకపోతే మామూలు జ్వరం అనుకుంటారు.

అడవిలో చాలాచోట్ల ఫోను పలకదు. హాజీపూర్ చౌరస్తాకు రాగానే నాకు ఫోను చెయ్యి, కండువాతో వచ్చి నిలబడతాను. మీ బావ దాన్ని పారేయనివ్వలేదు, కొంచెం వెలిసింది.

మీ మామయ్య