నిద్ర పట్టని రాత్రులకు గోరువెచ్చని పాలు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

రాత్రి పన్నెండు దాటినా నీకు కన్ను మూతపడడం లేదనీ, పాలు తాగడం మొదలుపెట్టి వారమైనా తేడా కనిపించలేదనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. తాగే తీరులోనే ఏదో పొరపాటు ఉందని నాకు అనిపించింది, ఎందుకంటే ఆ పొరపాట్లన్నీ నేనూ చేసినదాన్నే.

నాకు నెలసరి ఆగిపోయిన ఏడాది ఇలాగే నిద్ర కరువైంది. అప్పట్లో మన ఇంట గేదెపాడి ఉండేది కనుక, రాత్రి పదకొండింటికి పెద్ద స్టీలు గ్లాసు నిండా మీగడ కట్టిన చిక్కటి పాలలో రెండు చెంచాల పంచదార కలుపుకుని తాగి, వెంటనే నడుం వాల్చేదాన్ని. కడుపు బరువెక్కేది, పులితేన్పులు వచ్చేవి, తెల్లవారేలోగా రెండుసార్లు మూత్రానికి లేవవలసి వచ్చేది. నిద్ర పట్టనివారికి గేదెపాలు హితమని చరక సంహితలో ఉన్న మాట నిజమే. అయితే అవి ఆవుపాలకంటే బరువైనవనీ, జఠరాగ్ని అధికంగా ఉన్నవారికి తగినవనీ కూడా అక్కడే ఉంది. రోజంతా కుర్చీలో కూర్చుని పనిచేసే నీకు ఆవుపాలో, వెన్న తీసిన ప్యాకెట్ పాలో చాలు.

పడకకు గంట ముందు, 150 మిల్లీలీటర్లకు మించకుండా పాలు తీసుకో. పొంగు వచ్చాక దించి, మీగడ తీసి, రెండు గ్లాసుల మధ్య నాలుగైదుసార్లు తిరగబోసి, గ్లాసును అరచేతుల్లో పట్టుకుంటే చురుక్కుమనకుండా హాయిగా ఉన్నప్పుడు గుక్కగుక్కగా తాగు. ఆ సమయంలో ఫోను వేరే గదిలో ఉండాలి, ఇంట్లో పెద్ద దీపాలు ఆర్పి ఉండాలి. తాగాక నోరు పుక్కిలించి, పళ్లు తోముకో. పాలలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుండి శరీరం సెరటోనిన్‌నూ, దాని నుండి నిద్రవేళను ఒంటికి తెలిపే మెలటోనిన్‌నూ తయారుచేసుకుంటుందని చదివి ఉంటావు. కాని గ్లాసుడు పాలలో ఆ ట్రిప్టోఫాన్ ఉండేది సుమారు 100 మిల్లీగ్రాములే, అదీ తక్కిన అమైనో ఆమ్లాలతో పోటీపడి మెదడుకు చేరాలి. కాబట్టి పాలను నిద్రమాత్రలా చూడవద్దు. రోజూ అదే వేళకు, అదే గ్లాసుతో, అదే మూల కూర్చుని తాగుతూ ఉంటే, ఆ వెచ్చదనం తగలగానే పడుకునే వేళైందని ఒంటికి తెలుస్తుంది; నాకు ఆ అలవాటు కుదరడానికి మూడు వారాలు పట్టింది.

జాజికాయ వేయాలనిపిస్తే, సానరాయి మీద రెండు చుట్లు అరగదీసిన గంధం చాలు. ఒకసారి నేను తొందరపడి అర చెంచా పొడి కలుపుకుని, మరునాడు మధ్యాహ్నం వరకు తల దిమ్ముతో, నోరెండిపోయి పడి ఉన్నాను. ఎక్కువైతే అది విషమే. గసగసాలు నూరి కలపడమూ మన ఇళ్లలో ఉన్నదే, కాని దుబాయిలో ఉన్న మీ అన్నయ్యకు మాత్రం ఆ పొట్లం పంపవద్దు, అక్కడ అవి నిషిద్ధం.

రాత్రి ఐరన్ మాత్ర వేసుకుంటున్నావేమో చూసుకో. దానిని పాలతో కలిపి తీసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. పాలు తాగితే కడుపుబ్బరం వస్తే బలవంతంగా తాగవద్దు. అన్నిటికంటే ముందు ఆ సాయంత్రం ఆరింటి ఫిల్టరు కాఫీ మానెయ్యి. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది, దానిమీద ఎన్ని పాలు పోసినా ప్రయోజనం లేదు.

వారానికి మూడు రాత్రులకు తక్కువ కాకుండా, మూడు నెలల పాటు ఇలాగే సాగితే డాక్టరుకు చూపించుకో. గురక మధ్యలో ఊపిరి ఆగినట్లవుతోందని అల్లుడుగారు అంటే అన్నాళ్లు కూడా ఆగవద్దు.

ఆదివారం మీ అమ్మ వస్తోంది కదా, ఆమెతో ఒక జాజికాయ, నా పాత సానరాయి పంపుతున్నాను. రాయి అంచు కొంచెం విరిగింది, చూసి పట్టుకో.

ఇట్లు,
పెద్దమ్మ