పీడ్‌మాంట్ కార్డు వెనుక నీలి గీత: డ్యామేజా, ప్లేటు గుర్తా?

మీరు అడిగింది ఇది: ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి పాత సామానంతా అమ్మేసే చోట) కొన్న పాత బేస్‌బాల్ కార్డు వెనుక, పీడ్‌మాంట్ సిగరెట్ల ప్రకటన మీదుగా సన్నటి నీలి గీత ఒకటి ఏటవాలుగా పోతోంది. అది డ్యామేజా? ఇలాంటి గీతలను పట్టుకుని, కత్తిరించక ముందు ఏ కార్డు పక్కన ఏది ఉందో తేల్చి, అప్పటి అచ్చు షీట్లను తిరిగి కడతారన్న మాట నిజమేనా?

నిజమే. నేను న్యూజెర్సీలో ఉంటాను. చాలా ఏళ్లుగా ఇలాంటి కార్డుల వెనక వైపులనే సేకరించి పోల్చి చూస్తున్నాను. గీత నీలి రంగులో ఉందన్నారు కాబట్టి అది దాదాపుగా ప్లేటు మీది గీతే, అంటే అచ్చు వేసే పలక మీద పడిన గీత. కార్డు గీసుకుపోతే ఇంకు లేచిపోయి తెల్లటి గీత పడుతుంది, లేదా అట్ట పీచు పైకి వస్తుంది. మీ దాంట్లో ఇంకు ఉండకూడని చోట ఇంకు ఉంది. ఈ కార్డులను అచ్చు వేసిన లితోగ్రఫీ పద్ధతిలో, ప్లేటు మీద ఖాళీగా ఉండాల్సిన చోటు ఇంకును అంటించుకోకుండా తయారు చేస్తారు. అక్కడ గీత పడితే ఆ పని చెడి, గీతలో ఇంకు పట్టి కాగితం మీదకు దిగుతుంది. పది రెట్లు చూపించే భూతద్దంతో చూడండి. గీత రంగు, ప్రకటన అక్షరాల రంగు ఒకటే అయితే రెండూ ఒకే ప్లేటు నుంచి వచ్చినట్టు. దుమ్ము, వెంట్రుక వల్ల వచ్చే మచ్చలు వేరు. అవి ఒకటి రెండు షీట్ల మీద కనిపించి మాయమవుతాయి. ప్లేటు గీత మాత్రం దాన్ని సరిచేసేదాకా ప్రతి షీటు మీదా అదే చోట పడుతుంది. మనకు పనికొచ్చేది అదే.

మీ కార్డు కలెక్టర్లు టీ206 అని పిలిచే సెట్‌లోది. ఆ నంబరు జెఫర్సన్ బర్డిక్ అనే కార్డుల కలెక్టర్ తన కేటలాగ్‌లో పెట్టింది. ఆయన కార్డులన్నీ ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. 1909 నుంచి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ ఈ కార్డులను సిగరెట్, పొగాకు ప్యాకెట్లలో పెట్టి అమ్మింది. బొమ్మలు 500 పైచిలుకు, వెనక ప్రకటనలు పీడ్‌మాంట్, స్వీట్ కాపోరల్, ఓల్డ్ మిల్, పోలార్ బేర్ లాంటి 16 బ్రాండ్లవి. 2022లో 72.5 లక్షల డాలర్లు పలికిన, హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు కూడా ఇందులోదే.

ఇంత పేరున్న సెట్ అయినా, కత్తిరించని పూర్తి షీటు ఒక్కటీ ఇంతవరకు బయటపడలేదు. వాగ్నర్ ఇంట్లో దొరికిన ఐదు కార్డుల ప్రూఫ్ (అచ్చుకు ముందు పరీక్షగా తీసిన) పట్టీ ఒకటుంది: వాగ్నర్, సై యంగ్, మోర్డెకాయ్ బ్రౌన్, బవర్‌మన్, క్లింగ్. ఎవరి పక్కన ఎవరిని అచ్చు వేశారన్నది మిగతా వాళ్ల విషయంలో కార్డుల మీది లోపాలను చూసి తెలుసుకోవాల్సిందే. అందుకే మీ చేతిలోని గీత నాకు అంత విలువైనది.

ఇప్పుడు పద్ధతి. వెనక '150 సబ్జెక్ట్స్' అని ఉందా, '350 సబ్జెక్ట్స్' అని ఉందా చూడండి (సబ్జెక్ట్స్ అంటే బొమ్మలు). అవి వేర్వేరు విడతల అచ్చులు, ప్లేట్లు కూడా వేరు, కాబట్టి 150 దాన్ని 150తోనే పోల్చాలి. తర్వాత గీత ఏ అంచు దగ్గర, ఎంత ఎత్తులో, ఎంత వాలుతో బయటికి పోతోందో కొలిచి రాసుకోండి. అదే ఎత్తులో అదే వాలుతో లోపలికి వచ్చే గీత ఉన్న కార్డు దొరికితే అది పక్క కార్డు కావచ్చు. గీతలు ముక్కకు ముక్క అతికినట్టు కలవవు. కటింగ్‌లో కొంత పోతుంది, ఒక్కో కార్డు ఒక్కోలా తెగింది. వాలు తెలిస్తే ఎంత పోయిందో లెక్క కట్టవచ్చు.

చాలామంది తికమకపడేది ఇక్కడే: మనం చూస్తున్నది వెనక వైపు. అక్కడ కుడి అంచు దాటిన గీత, బొమ్మ వైపు నుంచి చూస్తే ఎడమ పక్క కార్డులోకి పోయినట్టు. నేను స్కాన్లన్నీ వెనక వైపే వరుసగా పేర్చి, కూర్పు పూర్తయ్యాకే మొత్తాన్ని తిప్పి బొమ్మలు చూస్తాను.

ఒకే గీత, అదే చోట, ఇద్దరు వేర్వేరు ఆటగాళ్ల కార్డుల మీద కనిపించడం కూడా మామూలే. నాకు అలాంటి జంట వేర్వేరు అమ్మకందార్ల దగ్గర దొరికింది, ఇద్దరూ పెద్ద పేరున్నవాళ్లు కారు. ఆ రోజు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. వెనక ప్లేటు అందరికీ ఒకే ప్రకటన, కాబట్టి దాన్నే రెండు రకాల బొమ్మల షీట్లకు వాడారన్న మాట. గీత చెప్పేది స్థానం, బొమ్మ చెప్పేది మనిషి. ఆ రెండు షీట్లను విడదీసి, ఎవరు ఏ షీటులో ఉన్నారో తేల్చడమే ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది కూడా.

నిలువు వరుసల విషయంలో వంకరగా తెగిన కార్డులు సాయం చేస్తాయి. కింద ఆటగాడి పేరు, పై అంచున పై కార్డు పేరు ముక్క ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఎక్కువగా రెండూ ఒకే పేరు. అంటే ఒకే బొమ్మను ఒకదాని కింద ఒకటి పేర్చి వేశారు. రెండు పేర్లు వేరైతే అక్కడ ఒక బొమ్మ వరుస అయిపోయి మరొకటి మొదలైంది. వెనక తిరగబడిన మసక బొమ్మ కనిపిస్తే మాత్రం దాన్ని పక్క కార్డు అనుకోకండి. అది తడి ఆరని షీట్లను దొంతర పెట్టినప్పుడు కింది షీటు నుంచి అంటుకున్నది.

ఒక్క కార్డు మీది గీతను చూసి ఏదీ తేల్చవద్దు. అదే ఆటగాడిది ఇంకో కార్డు మీద అదే చోట కనిపిస్తేనే లెక్క. వేలం సంస్థల పాత ఫొటోల్లో, అమ్మకాల సైట్లలో వెనక వైపు స్కాన్లు బోలెడు ఉంటాయి. లేకపోతే అమ్మేవాళ్లను అడగండి, నన్ను కాదన్నవాళ్లు తక్కువ.

చేయి తిరగడానికి టీ206తో కాకుండా టాప్స్ అనే కార్డుల కంపెనీ 1990 సెట్‌తో మొదలుపెట్టమంటాను. 792 కార్డులు, షీటుకు 132 చొప్పున 6 షీట్లు. అందులో 414వ నంబరు, ఫ్రాంక్ థామస్ కార్డు కొన్నిటి మీద పేరే లేదు, నల్ల ఇంకు పడలేదు. అదే లోపం చుట్టుపక్కల కార్డుల మీద తెగిన నల్ల గీతలుగా కనిపిస్తుంది. ఆ కాలపు కత్తిరించని షీట్లు దొరుకుతాయి కాబట్టి మీ కూర్పు సరైనదో కాదో సరిచూసుకోవచ్చు. కార్డులు కూడా, ఆ పేరు లేని థామస్ తప్ప, చాలా చవక.

మీ కార్డును రబ్బరుతో గానీ తడిగుడ్డతో గానీ తుడవకండి. గ్రేడింగ్‌కు (కార్డు నాణ్యతకు గ్రేడు వేసి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసే సంస్థకు) పంపాలనుకుంటే ముందే 600 డీపీఐలో, నాలుగు అంచులూ కనబడేలా రెండు వైపులా స్కాన్ చేయండి. ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్లాక అంచులు సరిగ్గా కనబడవు, మనకు కావాల్సింది సరిగ్గా ఆ అంచుల దగ్గరే ఉంటుంది. స్కాన్, ఆటగాడి పేరు ఇక్కడ పెడితే నా దగ్గరున్న వాటితో పోల్చి చెబుతాను.