భూకంపం తర్వాత భూమి లోపల ఒత్తిడి మారిందని శాస్త్రవేత్తలకు ఎలా తెలుస్తుంది?

ఒత్తిడిని నేరుగా కొలవరు. నేల ఎటు, ఎంత జరిగిందో జీపీఎస్ స్టేషన్లతో, భూకంపానికి ముందూ తర్వాతా తీసిన ఉపగ్రహ రాడార్ చిత్రాలతో కొలిచి, దాన్నుంచి లెక్కగడతారు. పైన నేల అంత జరగాలంటే లోపలి ఫాల్ట్, అంటే రాతి పొరల్లోని పగులు, ఎక్కడ ఎంత జారి ఉండాలో కంప్యూటర్ మోడల్‌తో అంచనా వేస్తారు (ఇందులో అంచనా పాలు కాస్త ఎక్కువే). జారిన చోట చాలావరకు ఒత్తిడి తగ్గుతుంది. కానీ ఆ భాగం కొసల దగ్గర పెరుగుతుంది.

టర్కీలో 1999 ఆగస్టు 17న ఇజ్మిత్ దగ్గర 7.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాని తూర్పు కొసన ఒత్తిడి పెరిగిన డ్యూజ్‌జె ప్రాంతంలో నవంబర్ 12న 7.2 తీవ్రతతో మరొకటి వచ్చింది.

అందుకే 'పెద్దది వచ్చేసింది, ఇక టెన్షన్ లేదు' అనుకోవడం పొరపాటు. అలాగని ఈ లెక్కలు తర్వాతి భూకంపం తేదీనీ చెప్పలేవు.