చాప మీద నువ్వు ఉండవు

తమ్ముడూ,

నీ ఉత్తరం, నీ ఆట కాగితాలు అందాయి. రెండుసార్లు చదివాను. ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి మాటలతోనే కథ నడిపే ఆట, వంశధార నది దాటే పడవ, అందులో ఐదుగురు, అవతలి ఒడ్డు చేరేలోపు ఒక్కొక్కరూ దాచుకున్న నిజం ఒకటి బయటపెట్టాలి. నాకు చాలా నచ్చింది, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. కానీ నువ్వు అడిగింది ఆట గురించి కాదు. గుణుపురంలో నీ ఆట ఆడిన కుర్రాళ్ళు రోజూ ఫోన్ చేసి ప్రశ్నలు వేస్తున్నారనీ, రాత్రి పదకొండు దాకా విడమరచి చెప్పాల్సి వస్తోందనీ, కొందరైతే నీ నియమాలు మార్చేసి ఆడుతున్నారనీ, అది వింటే టెన్షన్‌గా ఉందనీ రాశావు. మన ఆటను ఇష్టపడేవాళ్ళతో ఎలా మాట్లాడాలి అన్నయ్యా అని అడిగావు. ఇన్నేళ్ళలో నాకు తెలిసివచ్చింది రాస్తాను, కొంచెం పొడుగవుతుంది.

నా మొదటి ఆట నౌపడ బండి మీద రాశాను. ఆ చిన్న రైలు నీకు గుర్తుండకపోవచ్చు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా వేసిన నారోగేజ్ లైను 1931 నాటికి గుణుపురం చేరింది. ఇప్పుడు నువ్వు ఎక్కే బ్రాడ్‌గేజ్ బండి వచ్చింది 2011లో. నా ఆటలో ఆ పాత బండి బోగీలో నలుగురు ప్రయాణికులు ఉంటారు, సీటు కింద ఎవరిదో తెలియని ట్రంకు పెట్టె ఉంటుంది. టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, ఒక్కో స్టేషన్‌కి ఒక్కో సన్నివేశం. ఆఖరి స్టేషన్ వచ్చేలోపు పెట్టె ఎవరిదో తేలాలి. ఏడాది పాటు రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, వంద కాపీలు వేయించాను.

కాశీనగర్‌లో నలుగురు ఆడి, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేశారు. "సార్, మావాడు పాతపట్నంలో టీ తాగడానికి దిగి మళ్ళీ బండి ఎక్కలేదండి, అప్పుడేం చెయ్యాలి?" అన్నారు. "దిగకూడదు, ఆట మొత్తం బోగీలోనే జరగాలి" అన్నాను నేను వెంటనే. అటువైపు కాసేపు మాట లేదు. తరువాత "సరే సార్" అని పెట్టేశారు. వాళ్ళు ఆ ఆట మళ్ళీ ఆడలేదు. చాలా రోజుల తరువాత వాళ్ళలో ఒకమ్మాయి ఇక్కడ బజార్లో కనిపిస్తే, ఆ రోజు అసలేం జరిగిందమ్మా అని అడిగాను. దిగినవాడు పొలాలకి అడ్డంపడి నడిచి బండికన్నా ముందే తరువాతి స్టేషన్ చేరాడట. ఆ బండి ఎంత నెమ్మదో పాతవాళ్ళని అడుగు, నమ్మదగ్గ సంగతే. అక్కడ ప్లాట్‌ఫారం మీద ఆ పెట్టె కోసం ఎదురుచూస్తున్న ఒక ముసలాయన కనిపించాడట. ఇద్దరూ మాట్లాడుకుంటుండగా బండి వచ్చిందట. వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. వాళ్ళు ఆ సంగతి నాతో పంచుకోవాలని ఫోన్ చేశారు తమ్ముడూ, ప్రశ్న దానికి ఒక మొదలు మాత్రమే. నేనే వాళ్ళని చెప్పనివ్వలేదు.

రెండోసారి అచ్చు వేసినప్పుడు ఆ పేజీ మార్చాను. "ఎక్కడైనా దిగవచ్చు. తరువాతి స్టేషన్‌లో ఎక్కవచ్చు. ఎక్కేముందు దారిలో ఏం చూశావో చెప్పాలి." మూడే వాక్యాలు. అవి నిజానికి కాశీనగర్ వాళ్ళవి.

అందుకే నీకు చెప్పే మొదటి మాట ఇది. వాళ్ళు చాప వేసుకుని ఆడుతున్నప్పుడు ఆ చాప మీద నువ్వు ఉండవు. నీ పుస్తకం ఒక్కటే ఉంటుంది. పుస్తకంలో చెప్పలేనిది ఫోన్‌లో చెబితే ఆ నలుగురికే అందుతుంది, అయిదో ఇంట్లో మళ్ళీ అదే చిక్కు వస్తుంది. కాబట్టి ప్రశ్న వచ్చినప్పుడు అది ఏ రకం ప్రశ్నో చూసుకో. "నా వంతులో రెండు పనులు చెయ్యొచ్చా?" అని అడిగారంటే నువ్వు సరిగ్గా రాయలేదన్నమాట, తప్పు ఒప్పుకుని, జవాబు ఒక్క ముక్కలో చెప్పి, ఆ పేజీ దగ్గర గుర్తు పెట్టుకో. "పడవవాడు నిజంగా దొంగేనా?" అని అడిగారంటే మాత్రం జవాబు చెప్పకు. మీ ఆటలో ఏమయ్యాడు అని తిరిగి అడుగు. అడిగి, ఊరుకో. వాళ్ళు చెప్పేదాకా ఊరుకోవడం ఈ పనిలో అన్నిటికన్నా కష్టం, నాకు ఇప్పటికీ పూర్తిగా చేతకాలేదు.

నియమాలు మార్చేస్తున్నారని బాధపడ్డావు కదా. ఇది మన కళ పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రల ఆట తెచ్చినప్పుడు మొదటి విడత వేసింది వెయ్యి పెట్టెలు, ఒక్కో పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. ఆ రాత చాలామందికి అర్థం కాక, ఎవరి ఊళ్ళో వాళ్ళు ఖాళీలు పూరించుకుని ఆడుకున్నారు. ఫీనిక్స్ ఊళ్ళో కెన్ సెయింట్ ఆండ్రే అనే ఆయనకి ఆలోచన నచ్చింది, నియమాలు మింగుడు పడలేదు. తన స్నేహితుల కోసం తనే రాసుకుని, 1975లో టనెల్స్ అండ్ ట్రోల్స్ పేరుతో అచ్చు వేశాడు. అంటే ఏడాది తిరిగేసరికి ఒక పాఠకుడు రచయిత అయిపోయాడు. నీ నియమం మార్చి ఆడేవాడు నిన్ను కాదన్నాడని అనుకోకు. ఏం మార్చాడో అడిగి తెలుసుకో, ఎందుకు మార్చాడో అంతకన్నా ముఖ్యం.

గవ్వల సంగతి చెబుతాను, అక్కడ నేను ఇంకా నేర్చుకున్నాను. రెండో ఆటకి పాచికలు మానేసి గవ్వలు పెట్టాను, ఎందుకంటే అష్టాచెమ్మా ఆడే ప్రతి ఇంట్లో అవి ఉంటాయి, మన ఒడియా వాళ్ళ ఇళ్ళలో కౌడీలుగా ఉంటాయి. లెక్క నాకు ముచ్చటగా అనిపించింది. ఒక్కో గవ్వ వెల్లకిలా, బోర్లా సమానంగా పడుతుందనుకుంటే నాలుగు గవ్వలకి 16 రకాలు. నాలుగూ వెల్లకిలా పడేది 1, మూడు పడేది 4, రెండు పడేది 6, ఒకటి పడేది 4, ఏదీ పడనిది 1. కాబట్టి రెండు పడినప్పుడు "పని అవుతుంది, కానీ ఏదో ఒకటి పోతుంది" అని రాశాను. ఈ సగం గెలుపు నేను విన్సెంట్ బేకర్ అనే ఆటల రచయిత దగ్గర నేర్చుకున్నది, ఆయన 2010లో తెచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే ఆటలో రెండు పాచికలు వేస్తారు. పాత్ర నేర్పుకి ఇచ్చే అంకె ఏమీ కలపకుండా చూస్తే 36లో 15 సార్లు మొత్తం 6 లేదా అంతకన్నా తక్కువ వచ్చి పని చెడుతుంది, 15 సార్లు 7 నుంచి 9 వచ్చి సగం గెలుపు, 6 సార్లు మాత్రమే 10 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చి పూర్తి గెలుపు. కథ ముందుకు కదిలేది ఆ మధ్య ముక్క వల్లే.

బరంపురంలో ఆడినవాళ్ళలో ఒక పెద్దాయన, నేతపని కుటుంబం, చిన్న గుడ్డ సంచీతో మా ఇంటికి వచ్చారు. "మా ఇంటి గవ్వలకి మీ లెక్క కుదరడం లేదు బాబూ" అని ఒక నోటుపుస్తకం తీశారు. రెండు వందల సార్లు గవ్వలు వేసి ఒక్కొక్కటీ రాసుకున్నారు. గవ్వకి రెండు వైపులూ ఒకటి కావు కదా, ఒకవైపు ఉబ్బు, ఒకవైపు నోరు, వీపు అరగదీసిన గవ్వ ఒకలా పడుతుంది, అరగదియ్యనిది ఇంకోలా పడుతుంది. నేను కాగితం మీద లెక్క వేశాను, ఆయన నేల మీద వేశారు. నా ఆట పుస్తకంలో ఇప్పుడు మొదటి పేజీ ఏమంటుందంటే, మీ గవ్వలు యాభైసార్లు వేసి చూసుకోండి, మరీ ఒకవైపే పడుతుంటే నాలుగు రూపాయి బిళ్ళలతో ఆడండి. ఆయన అభిమాని అని అంతకుముందు నాకు తెలియదు. రెండు వందల సార్లు గవ్వలు వేసిన మనిషిని ఇంకేమంటాం?

ఇంకొకటి, "బాగుందా?" అని ఎవరినీ అడగకు. మనవాళ్ళు మర్యాదస్తులు, బాగుందనే అంటారు. ఎవరు ముందుగా ఫోన్ తీసి చూసుకున్నారు, ఎప్పుడు తీశారు, పుస్తకం తెరిచి ఎన్నిసార్లు వెతికారు, ఎవరు ఆటంతా మాట్లాడకుండా కూర్చున్నారు, ఇలాంటివి అడుగు. వీటికి అబద్ధం చెప్పాలని ఎవరికీ తోచదు.

భాష గురించి. నీ కాగితాల్లో "పాల్గొను సభ్యులు తమ వంతునందు తమ స్థానమును ప్రకటించవలెను" అని ఉంది. ఎందుకలా రాశావు? పడవలో మనుషుల మాటలు నువ్వు ఎంత హాయిగా రాశావో, నియమాలకి వచ్చేసరికి రిజిస్ట్రేషన్ దస్తావేజులా బిగుసుకుపోయావు. "నీ వంతు వచ్చినప్పుడు ముందు నువ్వు పడవలో ఎక్కడున్నావో చెప్పు, ఆ తరువాత గవ్వలు వెయ్యి" అంటే సరిపోతుంది. ఈ పర్లాకిమిడి గిడుగు రామమూర్తి గారు 1880లో బడిపంతులుగా వచ్చి దశాబ్దాల పాటు ఉన్న ఊరు. చదివేవాడికి అర్థమయ్యే తెలుగు కోసం ఆయన ఎంత పోరాడారో మనకి ఒకరు చెప్పాలా? రాసింది ఇంట్లో ఆట తెలియని మనిషికి పైకి చదివి వినిపించు. ఎక్కడ "అంటే?" అంటారో అక్కడ మళ్ళీ రాయి.

ఆయన పేరు తలుచుకుంటే నా తప్పు ఒకటి చెప్పాలి. మహేంద్రగిరి కింద జరిగే ఆట ఒకటి రాశాను, అందులో సవర ఆదివాసీ పాత్రలు ఉన్నాయి. ఆట అయ్యాక సవర కుటుంబం నుంచి వచ్చిన ఒక కాలేజీ అమ్మాయి నెమ్మదిగా అడిగింది. "మావాళ్ళు మీ ఆటలో మిగతావాళ్ళకి దారి చూపించడానికే వస్తారా సార్?" నేను వివరించడం మొదలుపెట్టాను. నా ఉద్దేశం అది కాదన్నాను, ఎంత గౌరవంతో రాశానో చెప్పాను. పది నిమిషాలు మాట్లాడాను. ఆ అమ్మాయి తల ఊపుతూ విన్నది, అంతే. ఇంటికి వచ్చి పుస్తకం తీస్తే ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ప్రతి పాత్రకీ ఒక కోరిక, ఒక భయం రాశాను, సవర పాత్రలకి మాత్రం దారులు, మూలికలు రాశాను. గిడుగు వారు సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, ఆయన సవర నిఘంటువు వచ్చేసరికి 1938 అయింది. నేను ఒక్క మధ్యాహ్నం కూడా ఎవరి పక్కనా కూర్చోలేదు. తరువాత ఆ అమ్మాయిని, వాళ్ళ మేనమామని వెళ్ళి కలిశాను, వాళ్ళు చెప్పింది విన్నాను, మూడు పాత్రలు మొత్తం తిరగరాశాను. ఎవరైనా నొప్పి చెబితే ఉద్దేశం చెప్పుకోకు తమ్ముడూ. విని, రాసుకుని, దిద్దుకో.

ఆట మధ్యలోనే ఎవరికైనా మనసు కష్టమైతే ఆపే దారి కూడా పుస్తకంలో ఉండాలి. జాన్ స్టావ్రోపోలస్ ఆలోచించిన పద్ధతి ఉంది, మధ్యలో ఎక్స్ అని రాసిన కార్డు ఒకటి పెడతారు, ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ విషయం వదిలేసి ముందుకు వెళ్ళాలి, ఎందుకని అడగకూడదు. నీ ఆటలో నిజాలు బయటపెట్టాలి కాబట్టి నీకు అది తప్పకుండా కావాలి.

గుణుపురం కుర్రాడు నీ ఆటని ఒడియాలోకి మారుస్తానన్నాడని రాశావు. మార్చనివ్వు. ఎవరైనా దీన్ని అనువదించుకోవచ్చు, మార్చుకోవచ్చు, నా పేరు చెబితే చాలు అని మొదటి పేజీలోనే రాసేయి, తరువాత గొడవలు ఉండవు. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వాళ్ళు తమ నియమాలని ఇతరులు వాడుకోనిచ్చే పాత లైసెన్సు మార్చబోతే ఆడేవాళ్ళు, చిన్న రచయితలు పెద్దఎత్తున అభ్యంతరం చెప్పారు, ఆ నెలాఖరుకే మూల నియమాలని క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత లైసెన్సు కింద అందరికీ వదిలేశారు. ఆటని ప్రేమించేవాళ్ళు దాన్ని తమదిగానే చూసుకుంటారు. బరంపురం ఠాకురాణి యాత్రలో మొక్కుకుని వేషం కట్టినవాళ్ళని చూశావు కదా, రంగు పూసింది ఎవరైనా, ఆ కొన్నాళ్ళూ ఆ వేషం కట్టినవాడిదే.

ఇక నీ ఆట. పేజీ 7లో పడవ మునిగితే ఏమవుతుందో నాకు అర్థం కాలేదు. ఫోన్ చేసి చెప్పొద్దు. ఆదివారం మా ఇంటికి నలుగురు వస్తున్నారు, ఒకరికి తెలుగు చదవడం సరిగ్గా రాదు, మాట్లాడడం వచ్చు. చాప వేసి నీ ఆట ఆడతాం. నువ్వు రావద్దు. మా పడవ ఒడ్డు చేరిందో లేదో, ఎక్కడ ఆగామో, ఎవరు ముందు ఫోన్ తీశారో అన్నీ రాసి సోమవారం పోస్టు చేస్తాను.

మీ అన్నయ్య,
పర్లాకిమిడి