పస్తుండి తాగే తమ్ముడికి

తమ్ముడూ, శనివారం రాత్రి పార్టీలో తాగే బీరుకు సరిపడా క్యాలరీలు మిగలాలని పొద్దుటి నుంచీ పస్తుంటే బరువు పెరగదని నీ రన్నింగ్ క్లబ్బు మిత్రులు చెప్పారని ఉత్తరంలో రాసిన లెక్కను దయచేసి నమ్మకు. గ్రాము ఆల్కహాలులో 7 క్యాలరీలు ఉంటాయి గానీ, పరుగెత్తి అలిసిన కండరం కోలుకోవడానికి కావలసిన మాంసకృత్తులూ పిండిపదార్థాలూ దానిలో లేవు.

2004లో కాజీపేట నుంచి ఇక్కడికి, అమెరికాకు, చదువుకోవడానికి వచ్చిన తొలి చలికాలంలో, చీకటి పడ్డాక ల్యాబు నుంచి ఖాళీ గదికి చేరి ఒక్కడి కోసం వండుకోబుద్ధి కాక, నేనూ పూటలు మానేసేవాణ్ణి. ఒక శుక్రవారం పక్క అపార్ట్‌మెంటు వాళ్లు పిలిచారన్న సంతోషంలో పరగడుపున విస్కీ తాగాను. కడుపులో తిండి ఉంటే మద్యం చిన్నపేగులోకి నెమ్మదిగా దిగుతుంది, లేకపోతే త్వరగా రక్తంలో కలుస్తుంది. పైగా పస్తున్నప్పుడు చక్కెరను తయారుచేసి రక్తానికి అందించవలసిన కాలేయాన్ని మద్యం ఆ పని చేయనివ్వదు. చెమటలు పట్టి, చేతులు వణికి, స్పృహ తప్పిన నన్ను హన్మకొండ మిత్రుడొకరు పక్కకు తిప్పి పడుకోబెట్టి అత్యవసర సహాయం కోసం 911కు ఫోన్ చేశారు. పడుకుంటే మత్తు అదే దిగుతుందని వదిలేసి ఉంటే ఈ జవాబు రాసే అవకాశం నాకు ఉండేది కాదు. మన పెద్దలు తాటివనంలో కల్లు ముందు కూర్చున్నా పక్కన ఉడికించిన పప్పుగింజల గుడాలు పెట్టుకునేవారు.

21 ఏళ్లు నిండనివారు ఇక్కడ మద్యం కొనకూడదు. తాగి బండి నడిపి పట్టుబడితే వీసాకే ముప్పు. మిగతా నిబంధనలు మీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో తెలుస్తాయి.

నీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది, "తాగకపోతే నన్నెవరూ పిలవరన్నా" అన్న మాట. మీ తరానికి ఫోనులో క్యాలరీలు లెక్కపెట్టడం వచ్చు గానీ, నలుగురిని అన్నానికి పిలవడం ఇంకా రాలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక నేను చేసింది అదే. వరంగల్, కరీంనగర్ పిల్లలం వంతులు వేసుకుని పప్పూ పచ్చిపులుసూ వండుకున్నాం; ఆ బలంతోనే చదువు ముగించి, ఉద్యోగం సంపాదించి, ఇల్లు కట్టుకున్నాను. "తిన్నవా?" అని అడిగే మనిషి రోజుకు ఒక్కరున్నా పూట మానాలన్న ఆలోచన తగ్గుతుంది. అయినా తినడానికే భయం వేస్తుంటే క్యాంపస్ కౌన్సెలర్‌ను వెంటనే కలువు. ఈ శనివారం మాత్రం పరుగు కాగానే కడుపునిండా తిను, క్లబ్బులో తాగని మరొకరు ఎవరో కనుక్కుని ఆదివారం భోజనానికి పిలువు.